హిల్కా నొక్కని మీట

హిల్కా రంతాలాకి పొద్దున్నే లేవడమంటే పరమ బద్ధకం. ఇరవయ్యేడేళ్ళుగా తెల్లవారుజాము బస్సు తోలుతున్న మనిషికి ఇంకా బద్ధకమేమిటని డిపోలో అందరూ ఎగతాళి చేసేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు. మూడున్నరకి గడియారం మోగగానే దాన్ని ఫిన్నిష్‌లో ఓ తిట్టు తిట్టి, కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, చీకట్లో డిపోకి నడిచేది. ఆవిడకి ఫిన్నిష్ తిట్టడానికి మాత్రమే మిగిలింది. నాలుగేళ్ళ వయసులో నాన్న చెయ్యి పట్టుకుని ఓడ దిగింది. నాన్న గోథెన్‌బర్గ్‌లో బాల్ బేరింగుల ఫ్యాక్టరీలో, అమ్మ పెద్దాసుపత్రిలో నేలలు తుడిచే పనిలో చేరారు. ఆ తర్వాత బతుకంతా ఈ ఊళ్ళోనే గడిచింది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంకో రెండేళ్ళు దాటితే పెన్షను.

నాలుగూ యాభైకి గోర్డ్‌స్టేన్ గుట్ట మీద నుంచి ఆసుపత్రికి దిగే బస్సు ఆవిడది. అది ముగించుకుని, ఓ ముక్క నల్లరొట్టె నోట్లో వేసుకుని, ఏడింటి నుంచి సముద్రపు ఒడ్డున లోంగెడ్రాగ్ బస్సు ఎక్కేది. ఊరు ఒకటే, డ్రైవరూ ఒకటే. గుట్ట బస్సులో ఆరు భాషలు వినిపించేవి. ఒడ్డు బస్సులో ఒక్క భాష కూడా వినిపించేది కాదు. లోంగెడ్రాగ్ వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. పక్క సీట్లో ఎవరూ కూర్చోకుండా సంచీ పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాళ్ళు, అంతే. పదకొండేళ్ళు రోజూ ఎక్కిన ఒక పెద్దమనిషి ఆవిడతో మాట్లాడింది మొత్తం మీద రెండు ముక్కలు. ఆ రెండూ వాన గురించే.

ఆ మార్చిలో జబ్బు వచ్చిపడింది. వీలైనవాళ్ళు ఇంటి నుంచే పనిచేసుకోండి అని పైనుంచి చెప్పారు. ఈ దేశంలో ఆజ్ఞ అక్కర్లేదు, సలహా చాలు. వారం తిరిగేసరికి ఒడ్డు బస్సు బోసిపోయింది. హిల్కా దీపాలూ హీటరూ వేసుకుని ముప్ఫయ్యారు ఖాళీ సీట్లని సముద్రం దాకా తీసుకెళ్ళి, మళ్ళీ జాగ్రత్తగా వెనక్కి తెచ్చేది. దారిలో ఇళ్ళ కిటికీల్లోంచి పాత ప్రయాణికులు కనబడేవారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద పైజమా, వంటింటి బల్ల మీద కంప్యూటరు. ఒకరిద్దరు చెయ్యి ఊపేవారు. బస్సులో ఏళ్ళ తరబడి పలకరించనివాళ్ళు కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే ఆవిడకి నవ్వాగేది కాదు.

గుట్ట బస్సులో మాత్రం ఒక్క తల కూడా తగ్గలేదు. ఆసుపత్రి నేలని ఇంట్లో కూర్చుని తుడవడం ఎలాగో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ముసలివాళ్ళకి కంప్యూటరులోంచి స్నానం చేయించడం కూడా. జబ్బు పెరిగేకొద్దీ ఆసుపత్రిలో పని పెరిగింది, బస్సులో జనమూ పెరిగారు.

డ్రైవర్లని కాపాడాలని ముందు తలుపు మూసేశారు. మొదటి మూడు వరసలకీ అడ్డంగా ఎర్ర తెల్ల చారల టేపు కట్టారు. కార్డు ఆనించే యంత్రం ఆ టేపుకి ఇవతల, డ్రైవరు పక్కన ఉండిపోయింది. నెల కార్డున్నవాళ్ళు ఆనించనక్కర్లేదు, వెనక తలుపు నుంచి ఎక్కి కూర్చోండి అని నోటీసు పెట్టారు. ఇంకో నియమం కూడా పెట్టారు. బస్సులో ఇరవై మందికి మించకూడదు. మించితే డ్రైవరు తన ముందున్న పసుపుపచ్చ మీట నొక్కాలి. నొక్కగానే కంట్రోల్ రూముకి తెలుస్తుంది, ఇక ఎవరినీ ఎక్కించుకోవద్దని వాళ్ళు చెబుతారు, బస్సు స్టాపుల్లో ఆగకుండా పోతుంది.

ఏప్రిల్ మొదటివారంలో హిల్కా ఒకసారి ఆ మీట నొక్కింది. నియమమంటే నియమమే అనుకునే మనిషి ఆవిడ. తర్వాతి స్టాపులో ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, మంచూ వానా కలిసి కొడుతోంది. బస్సు నెమ్మదించింది గాని ఆగలేదు. వాళ్ళలో ఒకామె బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తి అద్దం మీద అరచేత్తో కొట్టింది. తిట్టలేదు, అరవలేదు, ఊరికే కొట్టింది. ఆ రోజంతా హిల్కాకి అన్నం సహించలేదు. అమ్మ కూడా అలాంటి స్టాపుల్లోనే, అలాంటి చీకట్లోనే నిలబడేది కదా అనిపించింది. మర్నాటి నుంచి ఆవిడ వేలు ఆ మీట మీద పడలేదు. స్టాపులో ఎంతమంది ఉంటే అంతమందినీ ఎక్కించుకుంది. ఎవరికీ చెప్పలేదు.

అలా ఎక్కేవాళ్ళలో సెహై ఒకతె. ఎరిత్రియా నుంచి వచ్చిన ముప్ఫైనాలుగేళ్ళ మనిషి, నాలుగో స్టాపులో ఎక్కేది. ఎక్కడం ఎక్కడమే మధ్య స్తంభం పట్టుకుని నిలబడేది, సీటు దొరికిన పాపాన పోలేదు. ఈ దేశంలో పై అధికారిని కూడా పేరు పెట్టి నువ్వు అని పిలుస్తారు గాని, సెహై మాత్రం హిల్కాని అక్కా అనేది. హిల్కా మొదట ఇబ్బంది పడింది, తర్వాత అలవాటైపోయింది. సెహై ఆసుపత్రిలో ఆ జబ్బు వార్డుల్ని శుభ్రం చేసేది. ఆరు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు, జనవరికి ముగుస్తుంది. అయిదూ నలభైఅయిదుకల్లా బట్టలు మార్చుకుని వార్డులో ఉండాలి. ఉద్యోగం పర్మినెంటైతే ఇల్లు తన పేరున అద్దెకిస్తారు. లేకపోతే ఇంకొకరి పేరునున్న ఇంట్లో దొంగచాటుగా ఉండాలి. మూడేళ్ళలో కూతుర్ని వెంటబెట్టుకుని నాలుగిళ్ళు మారింది. ఇవన్నీ హిల్కాకి ముక్కముక్కలుగా తెలిశాయి. దిగేముందు టేపు దాకా వచ్చి, ఒక్కో రోజు ఒక్కో ముక్క చెప్పేది.

నవంబరులో ఒక పొద్దున సెహై ఎక్కగానే స్తంభం దగ్గర ఆగలేదు. టేపు దాకా వచ్చి నిలబడింది.

“అక్కా, ఈ బస్సు తీసేస్తున్నారంట. స్టాపులో కాగితం అంటించారు.”

“ఏ బస్సు?”

“ఇదే. డిసెంబరు నుంచి మొదటి బస్సు అయిదున్నరకంట.”

అయిదున్నర బస్సు ఆసుపత్రి చేరేసరికి ఆరుంబావు. ట్రయల్లో ఉన్న మనిషి రోజూ అరగంట ఆలస్యంగా వస్తే ఎవరు ఉంచుకుంటారు. సెహై ఏడవలేదు. గుట్ట దిగి నడిస్తే ఎంతసేపు పడుతుందో అడిగింది. మంచు లేకపోతే గంటన్నర అని హిల్కా చెప్పింది. డిసెంబరులో మంచు లేకపోవడం ఉండదని ఇద్దరికీ తెలుసు.

హిల్కాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒడ్డున ఖాళీ బస్సు పగలంతా తిప్పుతారు, గుట్ట మీద కిక్కిరిసిన బస్సు తీసేస్తారు, ఎప్పుడూ ఇంతే ఈ ఊరు, అని డిపో చేరేదాకా గొణుక్కుంటూనే ఉంది. కంప్యూటరులో ఫిర్యాదు ఫారం నింపింది. మీ అభిప్రాయం మాకు విలువైనది, పది పనిదినాల్లో జవాబిస్తాం అని క్షణంలో జవాబొచ్చింది. మనిషి రాసిన జవాబైతే ఆ మనిషిని తిట్టేదే.

ఆ శుక్రవారం డిపో పెరట్లో మీటింగు పెట్టారు. చలిలో, ఒకరికొకరు రెండు మీటర్ల దూరంలో నిలబడి, చేతుల్లో కాఫీ కప్పులు, దాల్చినచెక్క బన్నులు. మీటింగంటే ఇక్కడ ఒక పద్ధతుంది. వరసగా ప్రతి ఒక్కరికీ మాట్లాడే వంతు వస్తుంది, మాట్లాడినదంతా మినిట్సులో రాస్తారు. మినిట్సుకెక్కినది జరిగినట్టు, ఎక్కనిది జరగనట్టు. టైంటేబుళ్ళు వేసే టోర్కెల్ అనే అతను మెట్ల మీద నిలబడి జాబితా చదివాడు. నలభై ఏళ్ళుంటాయి, మంచి కోటు, మార్చి నుంచి ఆఫీసు మొహం చూడలేదు. గోర్డ్‌స్టేన్ నాలుగూ యాభై దగ్గరికొచ్చేసరికి, సగటున నలుగురు, అన్నాడు.

డ్రైవర్లలో ఎవరో ఫక్కున నవ్వారు. హిల్కా నవ్వలేదు. తన వంతు వచ్చేదాకా ఆగింది, రోజూ నలభైమంది ఎక్కుతుంటే ఆ నలుగురు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. టోర్కెల్ ఓపిగ్గానే చెప్పాడు. కొత్త బస్సుల్లో తలుపు మీద మనుషుల్ని లెక్కపెట్టే కన్నుంటుంది. పాత బస్సుల్లో ఉండదు, అక్కడ కార్డు ఆనింపుల్ని బట్టి అంచనా వేస్తారు. గుట్ట మీద తిరిగేది పాత బస్సు. యంత్రం టేపు వెనక ఉంది, ఆనించొద్దని నోటీసూ పెట్టారు, అయినా కొందరు ఆనిస్తారనే లెక్కతో కాస్త కలిపే వేశామన్నాడు. మరి లోంగెడ్రాగ్ ఏడింటి బస్సుకెంత అని హిల్కా అడిగింది. తొమ్మిదన్నాడు. ఆ తొమ్మిదిలో నలుగురు తనేనని హిల్కా చెప్పింది. ఒడ్డున బస్సాపి కాళ్ళు సాగదీసుకోవడానికి దిగినప్పుడల్లా, ఎక్కినప్పుడల్లా ఆ కన్ను తనని లెక్కపెడుతోందన్నమాట. పెరడంతా గొల్లున నవ్వింది. టోర్కెల్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాత అతను నెమ్మదిగా అన్నాడు.

“హిల్కా, నీ మాట నమ్మక కాదు. ఒక్క ఆనింపుల్నే నమ్ముకోలేదు మేం. రద్దీ మీట చూశాం. ఏప్రిల్‌లో ఒక్కసారి పడింది, ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఒక్కసారీ లేదు. జనం తగ్గిపోయారనుకున్నాం. నలభైమంది ఎక్కుతుంటే నువ్వు నొక్కి ఉండేదానివి కదా?”

హిల్కాకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఎవరిని తిట్టుకుందో వాళ్ళెవరూ కాదు, బస్సుని మాయం చేసింది తనే. స్టాపులో ఒక్కరినీ వదలకూడదని తను మీట నొక్కలేదు, నొక్కకపోవడం వల్ల కాగితం మీద ఆ బస్సులో మనుషులే లేకుండా పోయారు. ఎనిమిది నెలలు మంచి చేస్తున్నాననుకుని సెహై కాళ్ళ కింద గొయ్యి తవ్వింది. తోటి డ్రైవర్లంతా కప్పుల్లోకి చూస్తున్నారు. విషయం అందరికీ తెలుసు, వాళ్ళలో కొందరు చేసేదీ అదే. మాట్లాడకుండా ఊరుకుంటే ఏమీ కాదు. ఏడాదీ ఏడు నెలలు ఊరుకుంటే పెన్షను.

“నొక్కలేదు,” అంది. “కావాలనే నొక్కలేదు. నొక్కితే స్టాపులో వదిలేసి పొమ్మంటారు. వదలడం నా వల్ల కాలేదు. రోజూ ఇరవై దాటిపోయేవాళ్ళు, దాదాపు రెట్టింపు. మినిట్సులో రాయి.”

టోర్కెల్ పెన్ను ఆగిపోయింది. రాస్తే నీ మీద విచారణ రావచ్చు, రాశాక నేను చెరపలేను, అన్నాడు.

“చెరపమని నేనడిగానా?”

ఇంకెవరైనా ఇలా చేశారా అని అడిగాడు. వాళ్ళ సంగతి నాకు తెలియదు, నా సంగతి రాయి, అంది. అతను రాశాడు. ఆ రాతతో బస్సు మిగలదని కూడా చెప్పాడు. ఒక డ్రైవరు నోటి మాటకి టైంటేబులు మారదు, అంకె కావాలి, టైంటేబులు అచ్చుకి వెళ్ళేది గురువారం. అయితే మంగళవారం నువ్వే వచ్చి లెక్కపెట్టుకో, అంది హిల్కా. తను ఎవరిని ఎందుకు రమ్మంటోందో అన్నాకే తనకి తట్టింది. నియమం రాసినవాడే వచ్చి, ఇరవై దాటగానే నొక్కమంటే?

మంగళవారం టోర్కెల్ వచ్చాడు. ఆ వేళకి తనుండే లోంగెడ్రాగ్ నుంచి గుట్టకి ఏ బస్సూ లేదు కాబట్టి తన కారేసుకుని వచ్చి, పైన స్టాపు దగ్గర పెట్టి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ నిలబడ్డాడు. ఎక్కి, ఖాళీగా ఉన్న జంట సీటు చూసుకుని, అలవాటు కొద్దీ పక్కన సంచీ పెట్టుకున్నాడు. రెండో స్టాపులోనే ఆ సంచీ ఒళ్ళోకి వచ్చింది. మూడో స్టాపులో ఒక పెద్దామెకి సీటిచ్చి లేచి నిలబడ్డాడు. ఫోనులో బొటనవేలితో ఒక్కొక్కరికీ ఒక గీత గీస్తున్నాడు. ఎవరూ దగ్గకుండా, ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డారు.

నాలుగో స్టాపు మలుపులో హిల్కా మైకు అందుకుంది. బస్సులో ఎవరూ మాట్లాడని ఊళ్ళో డ్రైవరు మైకులో మాట్లాడితే అందరూ తలెత్తుతారు.

“టోర్కెల్, ఇరవై దాటారు. ఇప్పుడు మీట నొక్కాలి. నొక్కమంటావా?”

ముందు దీపాల వెలుతురులో స్టాపు కనిపించింది. ఏడుగురు. కొసన సెహై, టోపీ కళ్ళ దాకా లాక్కుని, ఏం జరుగుతోందో తెలియక బస్సు వంక మామూలుగా చూస్తూ నిలబడి ఉంది. మంచు పడుతోంది. హిల్కా వేలు మీటకి బెత్తెడు దూరంలో ఉంది. ఆవిడకి నిజంగానే భయమేసింది. అతను నొక్కమంటే నొక్కాలి. నియమం వల్ల ఏం జరుగుతుందో అతనే కళ్ళారా చూడాలని పట్టుబట్టింది తనే.

టోర్కెల్ ముందు అద్దంలోంచి ఆ ఏడుగురినీ చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి బస్సు నిండా నిలబడ్డవాళ్ళని చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

“ఆపు,” అన్నాడు. “అందరినీ ఎక్కించు. నేను దిగుతాను, కనీసం నా ఒక్కడి జాగా అయినా వస్తుంది.”

దిగుతూ దిగుతూ తలుపు దగ్గర ఎదురుపడ్డ సెహైని, మిగతా స్టాపుల్లో ఎక్కేవాళ్ళని లెక్కపెట్టి పెట్టగలవా అని అడిగాడు. ఇప్పటిదాకా ఇరవయ్యెనిమిది, నీతో కలిపి, అన్నాడు. సెహై ఎందుకని అడగలేదు, తలూపింది. అతను తన మంచి బూట్లతో మంచులో జారుతూ, గుట్ట పైకి కారు దగ్గరికి నడవడం హిల్కా పక్క అద్దంలో చూసింది. దారి పొడుగునా సెహై తన భాషలో పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఆసుపత్రి దగ్గర టేపు దాకా వచ్చి నలభైనాలుగు అని చెప్పి, పరుగు పరుగున వెళ్ళిపోయింది. హిల్కా ఫోను చేసి చెబితే అవతల టోర్కెల్ రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

గురువారం గడిచింది, శుక్రవారం గడిచింది. అన్ని రోజులూ హిల్కాకి కంటి మీద కునుకు లేదు. శనివారం స్టాపుల్లో పాత కాగితాలు పీకేసి కొత్తవి అంటించారు. నాలుగూ యాభై బస్సు అలాగే ఉంది. దాని వెనకే నాలుగూ యాభైఅయిదుకి ఇంకొకటి వేశారు, ఒడ్డున తిరిగే బస్సుల్లోంచి ఒకదాన్ని తెచ్చి. లోంగెడ్రాగ్ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. బహుశా ఎవరూ గమనించి ఉండరు. హిల్కా ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివి, ఫిన్నిష్‌లో ఓ మాట అంది. అదీ తిట్టే, కాకపోతే సంతోషంతో.

విచారణ సంగతి కూడా తేలింది. మేనేజరు పిలిచి, మినిట్సులో ఆ పేరా చూపించి, కింద తను రాసిన వాక్యం చదివి వినిపించాడు. డ్రైవరు రంతాలా చెప్పినది గమనించడమైనది. అంతేనా అని ఆవిడ అడిగింది. అంతే అన్నాడు. ఇంకోసారి చెయ్యొద్దన్నాడా అంటే అదీ అనలేదు. బయటికొచ్చి గోడకి ఆనుకుని, ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన ఊపిరి వదిలింది. వారమంతా బింకంగా తిరిగింది గాని, ఉద్యోగం పోతుందని లోపల హడలిపోయింది మరి.

జనవరిలో సెహైకి పర్మినెంటు కాగితం వచ్చింది, మార్చికి తన పేరున ఇల్లూ దొరికింది. కానీ హిల్కా ఆ బస్సు గురించి ఎవరికైనా చెప్పాలంటే చెప్పేది అది కాదు. డిసెంబరులో కొత్త టైంటేబులు మొదలైన మొదటి సోమవారం గురించి చెబుతుంది.

ఆ పొద్దున వెనకే రెండో బస్సు దీపాలు కనిపిస్తున్నాయి. హిల్కా బస్సులో పద్దెనిమిది మంది, అంతే. నాలుగో స్టాపులో సెహై ఎక్కి, ఎప్పటిలాగే స్తంభం పట్టుకుని నిలబడింది. చుట్టూ సీట్లు ఖాళీగా ఉన్నాయి. వాటిని చూసింది గాని కూర్చోలేదు, ఎవరో వస్తారన్నట్టు తలుపు వంక చూసింది. రెండు స్టాపులు దాటాక, కిటికీ పక్కన సీటు అంచున కూర్చుంది. ఇంకో మలుపు తిరిగేసరికి తల అద్దానికి ఆనించి నిద్రపోయింది.

ఎక్కేవాళ్ళు తక్కువ కాబట్టి బస్సు ఆసుపత్రికి మూడు నిమిషాలు ముందే చేరింది. అందరూ దిగిపోయారు. సెహై లేవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది, చేతులు ఒళ్ళో వదులుగా పడి ఉన్నాయి. క్రిమిసంహారక మందుకి పగిలిపోయిన వేళ్ళు. హిల్కా తలుపులు మూసింది, చలిగాలి లోపలికి రాకుండా. హీటరు ఒక గీత పెంచింది. గడియారం చూస్తూ రెండు నిమిషాలు కూర్చుంది. వెనకున్న డ్రైవరు దీపాలు ఆర్పి వెలిగించి ఏమిటన్నట్టు అడిగాడు, ఆవిడ చెయ్యి ఊపి ఆగమంది. తర్వాత టేపు కింద నుంచి దూరి వెళ్ళి, ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసింది.

సెహై ఉలిక్కిపడి లేచి బయటికి చూసింది. “అయ్యో, ఆలస్యమైపోయిందా అక్కా?”

“లేదు,” అంది హిల్కా. “ఇంకా టైముంది.”